ట్యాంకుకు ముందా, తరువాతా? ఇంటి నీటి వాడకం, సెన్సర్లపై పాఠకుల ప్రశ్నలు

ఇంట్లో నీటి వాడకాన్ని సెన్సర్లతో కొలవడం గురించి ఈ శీర్షికకు వచ్చిన ప్రశ్నలలో ఏడింటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. ఒకే విషయాన్ని పలువురు అడిగిన సందర్భాలలో వాటిని ఒక్క ప్రశ్నగా కలిపాము. ఏ కంపెనీ పరికరం కొనాలని అడిగినవారు మన్నించాలి; ఎక్కడ కొలవాలో తేల్చుకోకుండా ఏది కొన్నా ప్రయోజనం ఉండదు కనుక, ఈసారి ఆ సంగతికే ఎక్కువ చోటు ఇచ్చాము.

ప్రశ్న: మాది కూకట్‌పల్లిలో సొంత ఇల్లు. నలుగురం ఉంటాము. జలమండలి నీరు రోజు విడిచి రోజు సంపులోకి వస్తుంది. బోరు నీరు కూడా అదే సంపులో పడుతుంది. అక్కడి నుంచి మోటారుతో మేడ మీది వెయ్యి లీటర్ల ట్యాంకుకు ఎక్కిస్తాము. జలమండలి మీటరు పక్కనే ఒక స్మార్ట్ మీటరు పెట్టించుకుంటే రోజుకు ఎంత వాడుతున్నామో, ఏ వేళ ఎక్కువ పోతోందో తెలుస్తుందా? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

సమాధానం: ఆ చోట పెడితే తెలియదు. వీధి పైపు నుంచి సంపులోకి నీరు దిగే చోట ఉన్న మీటరు, అది ఎంత ఖరీదైనదైనా సరే, మీకు సరఫరా అయిన నీటిని కొలుస్తుందే తప్ప మీరు వాడిన నీటిని కొలవదు. నీరు వదిలిన గంటో రెండు గంటలో దాని గీత నిటారుగా పైకి లేస్తుంది. ఆ తరువాత మళ్లీ నీరు వదిలే దాకా సున్నా మీదే ఉంటుంది. మీ స్నానాలు, వంట, గిన్నెలు, బట్టలు అన్నీ జరిగేది ఆ సున్నా గీత నడిచిన గంటలలోనే. రోజంతా ఒత్తిడితో నీరుండే విదేశీ నగరాల కోసం రాసిన సలహాలలో 'ప్రధాన మీటరు దగ్గరే సెన్సర్ పెట్టండి' అని ఉంటుంది. అక్కడ కుళాయి తిప్పిన క్షణమే మీటరు తిరుగుతుంది కనుక ఆ సలహా వారికి సరైనదే. మన ఇళ్లలో సంపు, ట్యాంకు రెండూ మీటరుకూ కుళాయికీ నడుమ నిలిచి, ఏ నీరు ఏ వేళ వాడారన్న ఆనవాలును చెరిపివేస్తాయి. మీ విషయంలో బోరు నీరు ఆ మీటరును దాటకుండానే సంపులో చేరుతోంది కాబట్టి మొత్తం లెక్క కూడా తప్పుతుంది.

మరొక చిక్కు కూడా ఉంది. విడతలవారీగా నీరు వదిలే పైపులలో, నీరు లేని వేళ గాలి నిండి ఉంటుంది. నీరు వదలగానే ముందుగా ఆ గాలి తోసుకువచ్చి, మీటరు లోపలి చక్రాన్ని వేగంగా తిప్పుతుంది. ఆ తిప్పుడు కూడా లీటర్ల లెక్కలో చేరుతుంది. నీరు రాకముందే ముల్లు కదులుతోందని కొందరు చేసే ఫిర్యాదులో అతిశయోక్తి ఏమీ లేదు.

అందువల్ల కొలత ట్యాంకుకు తరువాత జరగాలి. దానికి మీకు రెండు దారులున్నాయి. ట్యాంకు నుంచి ఇంట్లోకి దిగే పైపు ఒక్కటే అయితే దాని మీద ప్రవాహాన్ని కొలిచే మీటరు పెట్టవచ్చు. పైపులు రెండు మూడు ఉంటే, ట్యాంకు మూత లోపలి వైపున ధ్వని తరంగాలతో నీటి మట్టాన్ని చూసే అల్ట్రాసోనిక్ సెన్సర్ ఒకటి అమర్చి, మట్టం ఎంత వేగంగా తగ్గుతోందన్న దాని నుంచి వాడకాన్ని లెక్కకట్టవచ్చు. మీ ట్యాంకు అడ్డుకొలత సుమారు ఒక మీటరు ఉంటుందనుకుంటే, మట్టం ఒక సెంటీమీటరు తగ్గితే దాదాపు 8 లీటర్లు వాడినట్లు. ఒక బకెట్ స్నానానికి రెండు సెంటీమీటర్లు తగ్గుతుంది. ఆ పాటి తేడాను ఈ సెన్సర్ పట్టుకోగలదు. గ్లాసు నీళ్లు పట్టుకుంటే పట్టుకోలేదు. ఇంటి లెక్కకు ఆ మాత్రం సూక్ష్మత చాలునని నా అభిప్రాయం.

మట్టం పద్ధతిలో ఉన్న లోపం మోటారు నడిచే సమయంలో బయటపడుతుంది. పైనుంచి నీరు పడుతుండగా కింద కుళాయిలు కూడా తెరిచి ఉంటే, పెరిగిన మట్టంలో ఆ వాడకం కలిసిపోయి కనిపించదు. ఇంట్లో ఎవరూ నీరు వాడని ఒక మధ్యాహ్నం మోటారు వేసి, నిమిషానికి మట్టం ఎన్ని సెంటీమీటర్లు పెరుగుతుందో ఒకసారి రాసి పెట్టుకోండి. ఆ తరువాత మోటారు నడిచిన ప్రతిసారీ, పెరగవలసిన దానికీ నిజంగా పెరిగిన దానికీ ఉన్న తేడాయే ఆ వేళ మీరు వాడిన నీరు. సంపులో నీరు అడుగంటినప్పుడు మోటారు పోసే వేగం కొంత తగ్గుతుంది గనుక ఈ లెక్క ఉజ్జాయింపేనని గుర్తుంచుకోవాలి.

మీ వాడకం ఎక్కువో తక్కువో పోల్చుకోవడానికి ఒక కొలబద్ద కావాలంటే, భూగర్భ మురుగునీటి వ్యవస్థ ఉన్న పట్టణాలకు కేంద్ర ప్రభుత్వ ఇంజనీరింగ్ సంస్థ సీపీహెచ్‌ఈఈవో నిర్దేశించిన ప్రమాణం మనిషికి రోజుకు 135 లీటర్లు. మహానగరాలకు 150 లీటర్లు. నలుగురికి 135 చొప్పున నెలకు 16,200 లీటర్లు అవుతుంది. హైదరాబాద్‌లో 2021 జనవరి నుంచి అమలులోకి వచ్చిన ఉచిత నీటి పథకం పరిమితి ఇంటికి నెలకు 20,000 లీటర్లు. దానికి పనిచేసే మీటరు ఉండాలన్నది షరతు. కాబట్టి జలమండలి మీటరును బిల్లు కోసం, ట్యాంకు సెన్సర్‌ను వాడకం కోసం విడివిడిగా చూసుకోండి.

ప్రశ్న: నేను విజయవాడలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. వైఎఫ్-ఎస్201 ఫ్లో సెన్సర్‌ను ఈఎస్‌పీ32 బోర్డుకు (వైఫై ఉన్న చిన్న కంప్యూటరు బోర్డు) కలిపి ఇంటి నీటి వాడకాన్ని కొలుస్తున్నాను. బకెట్‌తో సరిచూస్తే ఒక్కోసారి సరిపోతోంది, ఒక్కోసారి చాలా తక్కువ చూపిస్తోంది. రాత్రి పూట కొన్నిసార్లు లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతోంది. పొరపాటు ప్రోగ్రాములో ఉందా, సెన్సర్‌లో ఉందా? (ఒక విద్యార్థిని, విజయవాడ)

సమాధానం: రెండింటిలోనూ కొంత ఉంది. మీరు వాడుతున్న సెన్సర్ లోపల అయస్కాంతం బిగించిన చిన్న చక్రం ఉంటుంది. నీరు దాన్ని తిప్పినప్పుడల్లా, అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సర్ ఒక పల్స్, అంటే చిన్న విద్యుత్ సంకేతం, పంపుతుంది. నిమిషానికి ఒక లీటరు ప్రవాహానికి సెకనుకు 7.5 పల్సులు, అంటే లీటరుకు 450 పల్సులు అన్నది తయారీదారులు ఇచ్చే సూత్రం. ఆ సూత్రం నిమిషానికి 1 నుంచి 30 లీటర్ల మధ్య ప్రవాహానికి వర్తిస్తుంది. అక్కడ కూడా పది శాతం వరకు తేడా రావచ్చు. వాష్‌బేసిన్ కుళాయిని సన్నగా తిప్పి చేతులు కడుక్కున్నప్పుడు, ఆర్వో యంత్రం నీరు లాగుతున్నప్పుడు ప్రవాహం నిమిషానికి ఒక లీటరు కన్నా తక్కువ ఉంటుంది. అప్పుడు నీరు చక్రాన్ని తిప్పకుండా పక్క నుంచి జారిపోతుంది. బకెట్ లెక్క సరిపోయిన రోజు మీరు కుళాయి బాగా తిప్పి ఉంటారు, తక్కువ చూపిన రోజు సన్నగా తిప్పి ఉంటారు.

450 అన్న అంకెను నమ్ముకోకుండా మీ సెన్సర్‌కు మీరే అంకె కట్టుకోండి. దీనికి ఇరవై లీటర్ల మంచినీటి క్యాన్ కన్నా మంచి పాత్ర దొరకదు. కుళాయిని పూర్తిగా తిప్పి ఒకసారి, సగం తిప్పి ఒకసారి, సన్నగా ఒకసారి క్యాన్ నింపి, మూడుసార్లూ వచ్చిన పల్సులను రాసుకోండి. మూడు అంకెలూ వేరుగా వస్తాయి. ప్రవాహ వేగాన్ని బట్టి తగిన అంకెను ఎంచుకునేలా ప్రోగ్రాము రాస్తే, మధ్య, పెద్ద ప్రవాహాలలో మీ కొలత బాగా మెరుగుపడుతుంది. మరీ సన్నని ధార మాత్రం ఈ సెన్సర్‌కు అందదు. ప్రోగ్రాముతో సరిదిద్దగలిగిన లోపం కాదది.

సెన్సర్ పెట్టిన చోటును కూడా చూడండి. మేడ మీది ట్యాంకు మీ కుళాయికి మూడు మీటర్ల ఎత్తున ఉంటే, మీకున్న ఒత్తిడి 0.3 బార్ మాత్రమే. అంత తక్కువ ఒత్తిడిలో అంగుళం పైపు మధ్య అర అంగుళం సెన్సర్ బిగిస్తే ప్రవాహమే తగ్గిపోతుంది. ఇంట్లోవారు 'నీళ్లు సన్నగా వస్తున్నాయి' అని మొదట తిట్టేది మీ ప్రాజెక్టునే. ట్యాంకు నుంచి దిగే పెద్ద పైపును వదిలేసి, అర అంగుళం శాఖ పైపు మీద ప్రయోగం చేయడం మేలు. తాగునీటి పైపు జోలికి మాత్రం వెళ్లకండి. ఈ చవక సెన్సర్ల ప్లాస్టిక్ తాగునీటికి తగినదేనని చెప్పే ధ్రువీకరణ సాధారణంగా ఉండదు.

లెక్క సున్నాకు రావడం కరెంటు పోయినందువల్ల జరుగుతున్నది. మొత్తం పల్సుల సంఖ్యను బోర్డు శాశ్వత మెమరీలో దాచాలి; కానీ ప్రతి పల్సుకూ రాస్తే ఆ మెమరీ త్వరగా అరిగిపోతుంది. పది లీటర్లకు ఒకసారి, లేదా ప్రవాహం ఆగిన ప్రతిసారీ రాస్తే సరిపోతుంది. సర్వరుకు పంపేటప్పుడు 'ఈ నిమిషంలో ఇన్ని లీటర్లు' అని పంపవద్దు. 'మొదటి నుంచి ఇప్పటికి ఇన్ని లీటర్లు' అన్న మొత్తాన్నే పంపండి. వైఫై గంటసేపు పోయినా తరువాత వచ్చిన ఒక్క అంకెతో ఆ గంటలో పోయిన నీరు లెక్కకు వచ్చేస్తుంది. మరొక జాగ్రత్త: ఈ సెన్సర్‌కు 5 వోల్టులు ఇస్తే అది పంపే పల్సు కూడా ఆ స్థాయిలోనే ఉండవచ్చు, ఈఎస్‌పీ32 పిన్ను భరించేది 3.3 వోల్టులే. నడుమ రెండు రెసిస్టర్లతో వోల్టేజీని తగ్గించకపోతే కొన్నాళ్లకు బోర్డు పాడవుతుంది.

ప్రశ్న: మాది మియాపూర్‌లో నలభై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. వేసవిలో ట్యాంకర్ల ఖర్చు విపరీతంగా పెరుగుతోంది. దాన్ని ఫ్లాట్లన్నిటికీ సమానంగా పంచుతున్నాము. ఇద్దరే ఉన్న ఫ్లాట్లవారు ఇది అన్యాయమంటున్నారు. ప్రతి ఫ్లాటుకూ స్మార్ట్ మీటరు పెడదామంటే, ఒక్కో ఫ్లాటుకు నాలుగైదు మీటర్లు కావాలని ప్లంబరు చెబుతున్నారు. ఇది నిజమేనా? (అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి, హైదరాబాద్)

సమాధానం: ప్లంబరు చెప్పినది నిజమే. మన అపార్ట్‌మెంట్లలో చాలావాటికి ఫ్లాటు గుమ్మం దగ్గర ఒకే పైపు లోపలికి రాదు. మేడ మీది ట్యాంకుల నుంచి ప్రతి బాత్రూము షాఫ్టులోకీ, వంటింటి వైపుకూ విడివిడిగా పైపులు దిగుతూ, ప్రతి అంతస్తులోనూ ఒక శాఖను ఇస్తూ పోతాయి. మూడు పడకగదుల ఫ్లాటులోకి ఈ విధంగా నాలుగైదు చోట్ల నుంచి నీరు ప్రవేశిస్తుంది. అన్ని చోట్లా మీటర్లు పెట్టి, వాటి మొత్తాన్ని కూడితేనే ఫ్లాటు వాడకం వస్తుంది. ఒక్క బాత్రూమును వదిలేసినా, నీరు పట్టుకోవడానికి ఆ బాత్రూమే అందరికీ ఇష్టమైన చోటు అవుతుంది. బెంగళూరు, చెన్నై నగరాలలోని పలు అపార్ట్‌మెంట్లు కొన్నేళ్లుగా ఈ పద్ధతిలోనే, ఫ్లాటుకు అనేక చిన్న మీటర్లు పెట్టి, నీటి బిల్లులు వేసుకుంటున్నాయి.

అయితే నలభై ఫ్లాట్లకు రెండు వందల మీటర్లు కొనే ముందు, మూడు నాలుగు పరికరాలతో అయిపోయే పనిని చేయమని నా సలహా. జలమండలి నీరు, బోరు నీరు, ట్యాంకర్ నీరు అన్న మూడు రాబడులనూ విడివిడిగా కొలవండి. ట్యాంకర్ నీటికి మీటరు కూడా అవసరం లేదు. సంపులో మట్టం చూసే సెన్సర్ ఉంటే చాలు. మీ సంపు నాలుగు మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు ఉందనుకుంటే, 5,000 లీటర్ల ట్యాంకర్ ఖాళీ అయిన తరువాత మట్టం సరిగ్గా 50 సెంటీమీటర్లు పెరగాలి. అన్‌లోడ్ అవుతున్నంతసేపు పైకి ఎక్కించే మోటారును, సంపులోకి వచ్చే ఇతర నీటిని ఆపి ఉంచండి. పెరిగింది 42 సెంటీమీటర్లే అయితే మీకు అందింది 4,200 లీటర్లు. ఈ చిన్న లెక్కను వాచ్‌మన్ ఫోనులో కనిపించేలా చేసినంత మాత్రాన, ఫ్లాట్ల మధ్య తగవు మొదలయ్యే ముందే కొంత నీరు మిగలవచ్చు.

ఆ తరువాత కూడా ఫ్లాటు మీటర్లు కావాలనుకుంటే, ఏ రకమన్నది ఆలోచించండి. చక్రం తిరిగే మెకానికల్ మీటర్లు చవక. కానీ బోరు నీటిలోని ఇసుక, సున్నపు పేరుకుడు వాటిని నెమ్మదిగా బిగబట్టివేస్తాయి. బిగిసిన మీటరు ఎప్పుడూ తక్కువే చూపుతుంది కనుక ఎవరూ ఫిర్యాదు చేయరు. ధ్వని తరంగాలతో కొలిచే అల్ట్రాసోనిక్ మీటర్లలో కదిలే భాగాలు ఉండవు, సన్నని ధారను కూడా అవి బాగా పట్టుకుంటాయి. ధర మాత్రం ఎక్కువ, బ్యాటరీ అయిపోతే మార్చవలసి ఉంటుంది. గృహ మీటర్లకు ఐఎస్ 779 అన్న భారతీయ ప్రమాణం ఉంది. డబ్బు వసూలుకు ఆధారమయ్యే మీటరుకు ఆ ప్రమాణపు గుర్తు ఉండేలా చూడండి. వివాదం వచ్చినప్పుడు సంఘానికి అదే రక్ష. రీడింగులు వైర్‌లెస్‌గా పంపే విషయంలో, కాంక్రీటు షాఫ్టులలో వైఫై అందదు. మన దేశంలో లైసెన్సు అవసరం లేని 865–868 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో నడిచే లోరా అన్న రేడియో పద్ధతి అక్కడ నయం. మేడ మీద, రీడింగులను అందుకునే ఒకటి రెండు గేట్‌వేలతో భవనమంతా అందుతుంది.

మీటర్లు పెట్టిన మొదటి రెండు నెలలూ బిల్లు వేయకండి. మేడ మీది ట్యాంకుల నుంచి దిగిన మొత్తానికీ, ఫ్లాటు మీటర్లన్నిటి కూడికకూ తేడా ఎంతో చూడండి. మొక్కలకు, కారిడార్లు కడగడానికి, వాచ్‌మన్ కుటుంబానికి వాడిన నీరు ఆ తేడాలో కొంత; మిగిలింది లీకు గానీ మీటరు లోపం గానీ అయి ఉండాలి. ఆ తేడా ఎందుకు వస్తోందో చెప్పలేని సంఘం వేసిన బిల్లును సభ్యులు ఒప్పుకోరు, ఒప్పుకోనవసరమూ లేదు. బిల్లు వేసేటప్పుడు మోటార్ల కరెంటు, నిర్వహణ వంటి స్థిర ఖర్చులను సమానంగా పంచి, నీటి ఖర్చును మాత్రం వాడకాన్ని బట్టి పంచడం న్యాయంగా ఉంటుంది. ఫ్లాటు నంబర్లతో వాడకం పట్టికను లిఫ్టు పక్కన అంటించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. దయచేసి దాన్ని అనుసరించకండి. ఎందుకో ఇదే శీర్షికలో తరువాత వచ్చే ఒక ప్రశ్నలో చూడవచ్చు.

ప్రశ్న: ఒకే సెన్సర్ పెట్టి, ఏ కుళాయి తెరిచారో కూడా కనిపెట్టవచ్చునని చదివాను. అది మన ఇళ్లలో సాధ్యమేనా? (ఒక పాఠకుడు, విశాఖపట్నం)

సమాధానం: ఆ ఆలోచన పాతదే, దాని వెనుక గట్టి పరిశోధన ఉంది. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో హైడ్రోసెన్స్ అన్న పద్ధతిని ప్రకటించారు. ఇంట్లో ఒక కుళాయి దగ్గర ఒత్తిడి సెన్సర్ బిగిస్తే, ఏ వాల్వు తెరిచినా మూసినా పైపులలో పుట్టే ఒత్తిడి తరంగాన్ని అది పసిగడుతుంది; ప్రతి వాల్వు తరంగానికీ తనదైన రూపం ఉంటుంది. అంతకు ముందే, 1999లో వెలువడిన ఒక పెద్ద అమెరికన్ అధ్యయనంలో పన్నెండు ప్రాంతాల ఇళ్ల మీటర్లకు రికార్డర్లు తగిలించి, పది సెకన్లకు ఒకసారి ప్రవాహాన్ని నమోదు చేసి, గీత ఆకారాన్ని బట్టి ఫ్లష్, షవర్, వాషింగ్ మెషిన్ వాడకాలను విడదీశారు. 2016లో వచ్చిన దాని రెండవ విడతలో ఇంటి లోపలి వాడకంలో సుమారు నాలుగో వంతు ఫ్లష్‌దేనని, దాదాపు ఎనిమిదో వంతు లీకులదని తేలింది.

మన ఇళ్లలో ఈ పద్ధతులు అంత చక్కగా పనిచేయవు. ట్యాంకు నుంచి దిగే కొద్దిపాటి ఒత్తిడిలో ఆ తరంగం బలహీనంగా ఉంటుంది. పైపులు కూడా విడివిడిగా దిగుతాయి. అన్నిటికన్నా ముఖ్యం, మనం నీటిని కుళాయి నుంచి నేరుగా వాడటం తక్కువ, బకెట్‌లో పట్టుకుని వాడటం ఎక్కువ. స్నానానికి పట్టిన బకెట్, ఇల్లు తుడవడానికి పట్టిన బకెట్, బట్టలు నానబెట్టడానికి పట్టిన బకెట్ గ్రాఫులో ఒకే ఆకారంలో ఉంటాయి. ఫ్లష్ ట్యాంకును, వాషింగ్ మెషిన్‌ను మాత్రం గుర్తించవచ్చు. అవి ప్రతిసారీ ఇంచుమించు అంతే నీరు, అదే తీరులో తీసుకుంటాయి. మిగిలిన వాటికి ఒక వారం పాటు వంటింటి క్యాలెండరు మీద ఏ వేళ ఏ పని చేశారో రాసి, గ్రాఫు పక్కన పెట్టి చూడండి. కృత్రిమ మేధ పేరుతో అమ్ముతున్న పరికరాల కన్నా మీ ఇంటి గురించి ఆ వారమే ఎక్కువ చెబుతుంది.

ప్రశ్న: ట్యాంకు మూతకు అల్ట్రాసోనిక్ సెన్సర్ పెట్టాము. రాత్రి పదకొండు నుంచి ఉదయం ఐదు దాకా ఎవరూ నీరు వాడరు. అయినా మట్టం మూడు సెంటీమీటర్లు తగ్గుతోంది. ట్యాంకు నుంచి ఇంట్లోకి దిగే పైపు మీది మీటరు మాత్రం కదలడం లేదు. దేన్ని నమ్మాలి? (ఒక పాఠకురాలు, గుంటూరు)

సమాధానం: రెండూ కొంత నిజమే చెబుతున్నాయి. ముందుగా సెన్సర్ వైపు నుంచి వచ్చే భ్రమను తీసివేద్దాము. ఈ సెన్సర్ పంపిన శబ్దం నీటి ఉపరితలాన్ని తాకి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని కొలిచి, దాన్ని దూరంగా మారుస్తుంది. గాలిలో శబ్ద వేగం ఉష్ణోగ్రతతో పాటు మారుతుంది. 20 డిగ్రీల దగ్గర సెకనుకు సుమారు 343 మీటర్లు, 40 డిగ్రీల దగ్గర సుమారు 355 మీటర్లు. రాత్రి పదకొండుకు ట్యాంకు లోపలి గాలి 35 డిగ్రీలు ఉండి, తెల్లవారుజాముకు 27 డిగ్రీలకు చల్లబడితే, శబ్దం కాస్త నెమ్మదిస్తుంది. వేగాన్ని స్థిరంగా తీసుకునే చవక పరికరం దానిని 'నీరు దూరమైంది' అని అర్థం చేసుకుంటుంది. సెన్సర్‌కూ నీటికీ మధ్య దూరం 60 సెంటీమీటర్లు ఉంటే, ఈ భ్రమ విలువ దాదాపు 0.8 సెంటీమీటర్లు. మూడింటిలో అది పోగా మిగిలిన 2.2 సెంటీమీటర్లు నిజమైన తగ్గుదల. ఒక మీటరు అడ్డుకొలత ఉన్న ట్యాంకులో అది ఆరు గంటలకు 17 లీటర్లు, రోజుకు దాదాపు 70 లీటర్లు.

మరి మీటరు ఎందుకు కదలడం లేదు? మీ లీకు గంటకు మూడు లీటర్ల లోపే ఉంది. ఇళ్లలో ఎక్కువగా కనిపించే అర అంగుళం క్లాస్-బి మెకానికల్ మీటరు గంటకు 30 లీటర్లు, అంతకు పైబడిన ప్రవాహాలకే తన కొలతకు పూచీ పడుతుంది. దానిలో పదో వంతు ప్రవాహం ఆ చక్రాన్ని కదపలేకపోతే ఆశ్చర్యం లేదు. మీటరులో పడని లీకు కాబట్టి నష్టం లేదనుకోవద్దు. ఆ నీటిని పైకి ఎక్కించిన కరెంటు ఖర్చు మీదే, బోరులో తగ్గిన నీరూ మీదే.

ఇప్పుడు వెతకవలసిన చోటు. కుళాయి నుంచి సెకనుకు ఒక చుక్క పడితే రోజుకు 20 లీటర్ల పైచిలుకు పోతుంది. కాబట్టి 70 లీటర్లకు మూడు కుళాయిలైనా కారుతూ ఉండాలి, అది మీ కంటపడేది. కనబడకుండా అంత నీరు పోయేది చాలాసార్లు ఫ్లష్ ట్యాంకులోనే. ట్యాంకు నీటిలో కొద్దిగా తినే రంగు కలిపి, అరగంట పాటు ఫ్లష్ నొక్కకుండా ఉంచండి. రంగు కిందికి దిగితే లోపలి రబ్బరు వాషరు మార్చవలసిందే. దిగకపోతే, రాత్రికి ఒకటి చొప్పున ట్యాంకు కింది గేట్ వాల్వులను మూసి గ్రాఫు చూడండి. ఏ వాల్వు మూసిన రాత్రి గీత నిలకడగా ఉందో, లీకు ఆ పైపు మీద ఉంది. అన్నీ మూసినా తగ్గుతూనే ఉంటే ట్యాంకు పగిలిందేమో, లేదా మోటారు పైపులో నీటిని వెనక్కి పోనివ్వని నాన్-రిటర్న్ వాల్వు పట్టక నీరు వెనక్కి సంపులోకి దిగుతోందేమో చూడాలి. రెండవది ఎక్కువగా, నీరు ఎక్కించే పైపు ట్యాంకు అడుగున కలిసిన ఇళ్లలో జరుగుతుంది.

ఇలాంటి సెన్సర్ కొన్నవారందరికీ ఒక మాట. రోజు మొత్తం ఎన్ని లీటర్లన్న అంకెను అందరూ చూస్తారు. నన్నడిగితే రాత్రి రెండు నుంచి నాలుగు వరకు ఉన్న గీతను ముందు చూడాలి. ఆ రెండు గంటలలో ఏదో ఒక రాత్రి అయినా సున్నా కనిపించని ఇంట్లో లీకు ఉన్నట్లే.

ప్రశ్న: మేము వరంగల్‌లో అద్దెకు ఉంటున్నాము. ఇంటి యజమాని మా పైపుకు స్మార్ట్ మీటరు పెట్టించి, ఫోనులో చూస్తున్నారు. 'నిన్న మధ్యాహ్నం రెండు గంటలకు ఇంట్లో ఎవరున్నారు, నీళ్లు అంతసేపు పోయాయి?' అని అడిగారు. నాకు ఇబ్బందిగా ఉంది. దీనికి అభ్యంతరం చెప్పవచ్చునా? (ఒక పాఠకురాలు, వరంగల్)

సమాధానం: తప్పకుండా చెప్పవచ్చు. నిమిష నిమిషానికి నమోదైన నీటి గ్రాఫు చూస్తే ఒక ఇంట్లో ఎవరు ఎప్పుడు నిద్ర లేస్తారో, ఇల్లు ఎప్పుడు ఖాళీగా ఉంటుందో, రాత్రి ఎన్నిసార్లు బాత్రూముకు వెళ్లారో తెలిసిపోతుంది. యజమానికి న్యాయంగా కావలసింది నెలకు ఎన్ని లీటర్లన్న ఒక్క అంకె, లేదా లీకు ఉందన్న హెచ్చరిక. ఈ రెండింటికీ నిమిషాల వివరాలు ఆయన ఫోనులోకి రావలసిన అవసరం లేదు. చాలా యాప్‌లలో వాడుకదారులను వేరు చేసే వీలు ఉంటుంది. గంటల వివరాలు మీ ఫోనులోనే, రోజు మొత్తం మాత్రం ఆయనకు కనిపించేలా మార్చమని అడగండి. ఆయనే మీకన్నా పెద్దవారైతే, ఇంట్లోని పెద్దవారి చేత మర్యాదగా చెప్పించండి, ఒప్పుకుంటే అద్దె ఒప్పందంలో ఒక వాక్యంగా రాయించుకోండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం సమ్మతి, అవసరానికి మించి సేకరించకపోవడం వంటి సూత్రాలను నిర్దేశించింది. అయితే వ్యక్తి తన సొంత, ఇంటి పనుల కోసం వాడుకునే సమాచారాన్ని ఆ చట్టం పరిధి నుంచి మినహాయించారు కాబట్టి, చట్టం పేరు ఎత్తడం కన్నా ఒప్పందంలోని వాక్యమే మీకు ఎక్కువ ఉపయోగం. అపార్ట్‌మెంట్లలో వాడకం పట్టికను గోడకు అంటించవద్దన్నది కూడా ఈ కారణం చేతనే.

ప్రశ్న: మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. ఇంట్లో వైఫై లేదు, కరెంటు కూడా నిలకడగా ఉండదు. సెన్సర్లు లేకుండా వాడకాన్ని కొలుచుకునే దారి ఉందా? (ఒక పాఠకుడు)

సమాధానం: మీకు మోటారు ఉంటే దారి ఉంది. ట్యాంకును ఖాళీ చేసి, మోటారు వేసి, నిండడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో గడియారంలో చూడండి. 500 లీటర్ల ట్యాంకు పాతిక నిమిషాలలో నిండితే మీ మోటారు నిమిషానికి 20 లీటర్లు పోస్తున్నట్లు. ఇక మోటారు వేసిన, ఆపిన వేళలను స్విచ్చు పక్కన ఒక కాగితం మీద రాస్తూ పోతే చాలు. నెలాఖరుకు నిమిషాలను కూడి ఇరవైతో హెచ్చవేస్తే మీ వాడకం వస్తుంది. ట్యాంకు పొంగి పోయిన నీరు కూడా ఇందులో కలుస్తుంది. అది కూడా మీరు తోడిన నీరే కనుక కలవడమే సరి. ఎండాకాలంలో బోరులో మట్టం పడిపోయినప్పుడు మోటారు పోసే వేగం తగ్గుతుంది. అందువల్ల ఫిబ్రవరిలో ఒకసారి, మే నెలలో ఒకసారి ఆ నిమిషాలను మళ్లీ చూసుకోవాలి. ట్యాంకు నిండే సమయం పాతిక నిమిషాల నుంచి నలభై నిమిషాలకు పెరిగిందంటే, వాడకం సంగతి అటుంచి ముందు బోరు సంగతి చూసుకోవాలి.

పోల్చుకోవడానికి, 2019లో మొదలైన కేంద్ర జల్ జీవన్ మిషన్ పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు అందించాలని లక్ష్యంగా పెట్టుకుంది. తెలంగాణలో మిషన్ భగీరథ పథకం గ్రామాలకు నిర్దేశించుకున్నది 100 లీటర్లు. పశువులకు పెట్టే నీరు, పెరటి మొక్కలకు పోసే నీరు ఈ అంకెలలో ఉండవు కాబట్టి, వాటికి వాడే నీటిని బకెట్ల లెక్కన విడిగా రాసుకుని, మోటారు మొత్తం నుంచి తీసివేసిన తరువాతే పోల్చండి.